ఆయన బిగించిన బోల్టు

ఆ పొద్దున కూడా బండి సెల్ఫ్ బరువుగానే తిరిగింది. పెరట్లో పళ్ళు తోముకుంటున్న మేస్త్రీ చెయ్యి ఆపి చెవి ఒగ్గాడు. గుర్ర్‌మని ఒక చుట్టు, మధ్యలో ఆయాసపడ్డట్టు చిన్న విరామం, మళ్ళీ గుర్ర్‌మని అర చుట్టు. డీజిలు ఇంజను అంటుకోవాలంటే సెల్ఫ్ దాన్ని గబగబా తిప్పాలి. ఇది తిప్పడం లేదు, బతిమాలుకుంటోంది. మూడోసారికి ఇంజను దగ్గి, నల్లటి పొగ కక్కి, ఎలాగో అంటుకుంది.

మేస్త్రీకి లోపల్లోపల సంతోషం వేసింది.

ఆ మాట ఆయన చచ్చినా పైకి అనడు. కట్టుకున్న భార్య బండి మొరాయిస్తుంటే సంతోషించే మొగుడు ఎక్కడైనా ఉంటాడా? అదీ ఊరందరి బళ్ళూ బాగుచేసే మెకానిక్కు! కానీ పన్నెండు రోజుల కిందట ఆ సెల్ఫ్ విప్పి, లోపల అరిగిన కార్బన్లూ బుష్‌లూ మార్చి, మళ్ళీ బిగించింది ఆయన కాదు. షెడ్ల వీధిలో ఆయన షెడ్డుకు సరిగ్గా ఎదురుగదిలో బళ్ళ వైరింగులూ సెల్ఫులూ చూసే కరెంటాయన. ఆ కరెంటాయన చేసిన పని పన్నెండు రోజులు కూడా నిలవలేదు. మేస్త్రీ నోరు పుక్కిలించి, సంతోషం ఛాయ కూడా మిగలకుండా తువ్వాలుతో మొహం రుద్దుకుని వీధిలోకి వచ్చాడు.

డ్రైవరు సీట్లో ఆయన భార్య. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు ఎక్కించుకుని చేపల మార్కెట్టుకూ, రెండు హోటళ్ళకూ, ఒక పళ్ళరసాల కొట్టుకూ రోజూ పొద్దున్నే చేరవేస్తుంది. అందుకని బజారంతా ఆమెను ఐసమ్మ అంటుంది. ఆ పికప్ బండి వయసు ఇంచుమించు వాళ్ళ కాపురం వయసు.

"మళ్ళీ మొదలెట్టిందా?" అన్నాడు, గొంతులో జాలి నింపుకుని.

"అసలెప్పుడు మానింది గనక? కార్బన్లేశాక రెండ్రోజులు కాస్త మేలనిపించింది, అంతే." ఐసమ్మ యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యకుండానే అంది. "నువ్వొకసారి ఎర్త్ చూడరాదూ?"

"ఎర్తా? ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? నాకే అనిపించింది."

"నీకే అనిపించిందీ!" మేస్త్రీ నవ్వాడు. పోయిన వారం ఇదే మాట 'కరెంటన్నయ్య ఎర్త్ చూడమన్నాడు' అని వచ్చింది. మొన్న 'ఎవరో అంటున్నారు, ఎర్త్ కూడా చూడాలట' అని వచ్చింది. ఇవాళ అన్నయ్యా పోయాడు, ఎవరో కూడా పోయారు, మాట మాత్రం మిగిలింది. "ఎర్త్ పట్టీ నేను బిగించింది. వానలకు ముందు ఛాసిస్‌కు రంగేసినప్పుడు ఈ చేత్తో బిగించాను. నేను బిగించింది నేను చెప్పందే కదలదు. తేడా ఎక్కడుందో అక్కడ చూడాలి గానీ."

ఎక్కడుందో అన్నప్పుడు గడ్డం షెడ్ల వీధి వైపు ఎత్తాడు. ఐసమ్మ ఆ గడ్డాన్నీ, ఆయన్నీ చూసింది. గేరు వేసింది.

"ఈ వారం రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి ఏడు దాటితే ఇంకో బండి పెట్టుకుంటానని మార్కెట్టాయన మొహమ్మీదే అన్నాడు. అది గుర్తుపెట్టుకో చాలు."

మార్కెట్టు పోతే ఆ బండికి మిగిలేది రెండు హోటళ్ళూ, ఒక రసాల కొట్టూ. వాటికోసం ఎవరూ బండి నడపరు. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు. తెలిసీ ఎర్త్ చూడలేదు. చూస్తే కరెంటాయన చెప్పాడని చూసినట్టవుతుంది.

షెడ్డులో ఆ రోజు ఒక లారీ గేర్‌బాక్సు పని. మేస్త్రీ అట్టముక్క పరుచుకుని దాని కిందకు వెల్లకిలా దూరాడు. పైన మౌంటింగు బోల్టు ఒకటి వంకరగా ఎక్కి కూర్చుంది. అది వీధి చివరి పెద్ద మేస్త్రీ బిగించింది. ఆ వీధిలో ఒక పద్ధతి ఉంది. ఒకరు బిగించిన బోల్టులో తప్పు కనపడితే ఇంకొకరు విప్పరు. టైర్ల మీద రాసే పసుపు మైనపు సుద్దతో చుట్టూ ఒక గీత గీసి వదిలేస్తారు. బిగించినవాడు చూసుకుంటాడు, తనే విప్పుకుంటాడు, పదిమందిలో పరువు పోదు. మేస్త్రీ జేబులోంచి సుద్ద తీసి బోల్టు చుట్టూ గుండ్రంగా గీశాడు. పెద్ద మేస్త్రీ సాయంత్రం వచ్చి చూసుకుంటాడు.

అలా పడుకుని తల పక్కకు తిప్పితే లారీ చక్రాల మధ్య నుంచి వీధికి అవతలి వైపు అరుగు, దాని మీద నిలబడ్డవాళ్ళ కాళ్ళు కనిపిస్తాయి. పది గంటలకు అక్కడ రెండు జతల కాళ్ళు నిలబడ్డాయి. ఒక జత మడమ దగ్గర తెగితే తీగతో కుట్టుకున్న చెప్పులు. ఆ కుట్టు తను వేసిందే. రెండో జత కరెంటాయన బూట్లు, ఎప్పుడూ తుడిచి ఉండేవి. కరెంటాయనకు అన్నీ శుభ్రమే. చెవి మీద పెన్సిలు, జేబులో మీటరు, పొద్దున వేసుకున్న చొక్కా సాయంత్రం దాకా మాయదు. మేస్త్రీ గోళ్ళలో నలుపు మాత్రం సబ్బు అరిగిందే గానీ ఏనాడూ పోలేదు.

ఐసమ్మ ఏదో అంది. అవతల నవ్వు. "అదేం లేదు చెల్లెమ్మా," అన్న మాట ఒక్కటి వినపడింది. ఏదేం లేదో వినపడలేదు. మేస్త్రీ పానా పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. రౌండు ముగించి ఆమె తిన్నగా అటు వెళ్ళింది. మొగుడి షెడ్డు దాటుకుని వెళ్ళింది! బండి రొద కూడా వినిపిస్తోంది, ఇంజను ఆపనే లేదు. ఈమధ్య ఆపడం మానేసింది. ఎక్కడ ఆగినా ఇంజను తిరుగుతూనే ఉంటుంది, ఆపక తప్పకపోతే, మళ్ళీ జార్చి అంటించడానికి వీలుగా వాలున్నచోటు వెతుక్కుంటుంది.

కడుపు రగిలిపోయింది. పోనీ తప్పుడు అనుమానమా అంటే అదీ కాదు. ఆమె ఎలాంటిదో ఆయనకు తెలుసు, అతనెలాంటివాడో కూడా తెలుసు. అన్నయ్యా అని నోరారా పిలుస్తుంది, చెల్లెమ్మా అని అతను పలుకుతాడు. అక్కడ వంక పెట్టడానికేం లేదు. అదే బాధ. వంక ఉంటే గట్టిగా దెబ్బలాడొచ్చు. తన మాటకంటే అతని మాటకు ఆమె దగ్గర విలువ ఎక్కువన్నది పైకి చెప్పుకోలేని పుండు.

బండి వెళ్ళిపోయాక బూట్లు వీధి దాటి ఇటొచ్చాయి. లారీ పక్కన ఆగాయి.

"బావా, టీ చెప్పాను. రా."

చెల్లెలి మొగుడు కాబట్టి బావట! ఆ పిలుపు వింటేనే మేస్త్రీకి ఒళ్ళు మండుతుంది.

"నాకొద్దు. పనుంది."

బూట్లు కదల్లేదు. "బండి కింద ఒక్కసారి..." అని కరెంటాయన మొదలుపెట్టాడు.

"ఏ బండి కింద ఏముందో నాకు తెలుసులే నాయనా. ఆ కింద పడుకునేవాణ్ణి నేను, నువ్వు కాదు."

బూట్లు వెళ్ళిపోయాయి.

మధ్యాహ్నం వ్యాన్లాయన వచ్చాడు. బడి పిల్లల్ని తిప్పే అయిదు వ్యాన్లున్నాయి అతనికి. వాటి ఇంజన్ల పని ఎప్పుడూ మేస్త్రీదే. అతను ఎదురుగది వైపు చూస్తూ అడిగాడు. "అయిదు వ్యాన్లకూ వైరింగంతా మార్పించాలి మేస్త్రీ. రేపట్నుంచి ఒక్కోటీ ఆయనకిద్దామని మాట్లాడాను. పనెలా ఉంటుందంటావ్?"

ఒక్క మాట. 'బాగుంటుంది' అంటే అయిపోయేది. మేస్త్రీ వేస్టు గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. చిటికెన వేలి దాకా వచ్చాక నిట్టూర్చాడు.

"ఒకరి నోటి దగ్గర కూడు మనకెందుకు గానీ, మా ఇంటి బండే ఉందండీ. పన్నెండు రోజులైంది ఆయన సెల్ఫ్ చేసి. ఇవాళ పొద్దున చూడాల్సింది మీరు! మూడుసార్లు కొడితే గానీ అంటుకోలేదు. లోపల ఏ రకం కార్బన్లు పడేశాడో ఆ దేవుడికెరుక. మీవి పిల్లలెక్కే బళ్ళు."

పిల్లలన్న మాట చాలు. వ్యాన్లాయన మొహం మారిపోయింది. "నిజమా?"

"నేనెందుకు చెప్తానండీ అబద్ధం? కావాలంటే ఎల్లుండి మూడింటికి రండి. సెల్ఫ్ విప్పి మీ కళ్ళముందు పెడతాను."

అన్నాక గుండెలో కాస్త కలుక్కుమంది. కాస్తే. అప్పుడే తాగిన టీ తియ్యగా ఉన్నట్టనిపించింది.

మర్నాడు బుధవారం. కరెంటాయన పొద్దున్నే గది ముందు జాగా ఊడ్చి, పాత బ్యాటరీలన్నీ ఒక మూలకు నెట్టి, వ్యాను పట్టేంత చోటు చేసుకున్నాడు. నీళ్ళు కూడా చల్లాడు. తొమ్మిదింటికి వీధి మొదటి వైపు చూశాడు. పదింటికి అరుగు మీదకొచ్చి మళ్ళీ చూశాడు. పదకొండింటికి ఫోనులో ఎవరితోనో మాట్లాడాడు. మాట్లాడేది తక్కువ, వినేది ఎక్కువ. "సరేనండి, సరేనండి," అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాడు.

మేస్త్రీ ఇదంతా షెడ్డులోంచి చూశాడు. రోజంతా అదే చూశాడు, గేర్‌బాక్సులో ఒక బేరింగు తిరగేసి వేసుకుని మళ్ళీ విప్పుకున్నాడు. అనుకున్నంత సంతోషం రాలేదు. రాకపోయేసరికి దానిక్కూడా కరెంటాయన మీదే కోపం వచ్చింది. వచ్చి నిలదీస్తే ఏం పోయింది? ఏమన్నావని అడిగితే ఏం పోయింది? సాయంత్రం అతను గదికి తాళం వేసుకుంటూ, "వెళ్ళొస్తా బావా," అన్నాడు ఎప్పటిలాగే.

గురువారం పొద్దున బండి అసలు కదల్లేదు. గుర్ర్‌మంది, ఆగింది. మళ్ళీ ఒక్క గుర్ర్. ఆ తర్వాత టిక్కుమని ఊరుకుంది. ఇరుగుపొరుగు నలుగురొచ్చి తోశారు. మేస్త్రీ కూడా భుజం పెట్టాడు. వీధి మలుపు దగ్గర బండి ఒక్క కుదుపుతో అంటుకుంది. ఐసమ్మ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఏడుకు రెండు నిమిషాల ముందు మార్కెట్టు గేటు దాటిందట. పదకొండింటికి షెడ్డు ముందు బండి ఆపి దిగింది. ఈసారి ఎదురుగదికి వెళ్ళలేదు. ఇంజను కూడా ఆపేసింది. చీర చెంగు ఐసు నీళ్ళకు తడిసి ముద్దయింది, అరచేతులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"నాకింక ఓపిక లేదయ్యా. రేపు మార్కెట్టులో పెద్ద రోజు, ఇరవై దిమ్మలు. తోయించుకుంటూ పోతే అయ్యే పని కాదు. ఏం చేస్తావో నీ ఇష్టం."

"ఆ సెల్ఫ్ సంగతి ఇవాళ తేల్చేస్తాను," అన్నాడు మేస్త్రీ. మూడింటికి వ్యాన్లాయన వస్తాడన్నది మాత్రం చెప్పలేదు. ఆమె ఒక క్షణం ఆయన వంక చూసింది. "సెల్ఫేనా?" అంది మెల్లగా. జవాబు కోసం ఆగకుండా క్యారియరు బల్ల మీద పెట్టి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది.

వీధంతా అన్నాలకు పోయింది. మేస్త్రీ క్యారియరు మూత తియ్యలేదు. బ్యాటరీ తీగ ఊడదీసి, బండి కుడివైపు నుంచి చెయ్యి దూర్చి, సెల్ఫ్‌కున్న రెండు బోల్టులు తీసి, చంటిపిల్లంత బరువున్న ఆ దిమ్మను పొట్ట మీద ఆనించుకుని బయటకు లాగాడు. బెంచీ మీద వైసు దవడల మధ్య బిగించాడు. ముందు బ్యాటరీకి తగిలించి దాని నీరసం చూడాలి, తర్వాత మూత తీసి ఆ నాసిరకం కార్బన్లు ఒక కాగితం మీద పరవాలి. మూడింటికి వ్యాన్లాయన కళ్ళతో చూస్తాడు. ఏ మాట ముందనాలో, ఏ మాట తర్వాతనాలో కూడా అనుకుని పెట్టుకున్నాడు.

బ్యాటరీ నుంచి రెండు లావుపాటి తీగలు తెచ్చి ఒకటి సెల్ఫ్ తలకూ, ఒకటి దాని ఒంటికీ ఆనించాడు.

సెల్ఫ్ వైసులోంచి ఎగిరిపడబోయింది. బెంచీ అదిరింది, మీదున్న పానాలు గలగలమని కిందపడ్డాయి. గొంతెత్తి ఒక్కటే రొద. మేస్త్రీ ఉలిక్కిపడి తీగ లాగేశాడు. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ అదే ఊపు. కొత్త సెల్ఫ్ కూడా ఇంత హుషారుగా తిరగడం ఆయన చూసి చాలా రోజులైంది.

మూత తీశాడు. కార్బన్లు అసలైనవే, అరుగుదల కూడా పెద్దగా లేదు. వాటిని అదిమే స్ప్రింగులు నాలుగూ ఒకే ఒత్తిడి మీద ఉన్నాయి. బుష్‌కు కావలసినంతే గ్రీజు. ఎక్కువైంది గుడ్డతో తుడిచిన జాడ. తీగ టంకం వేసినచోట ఒక్క బొట్టు కూడా పక్కకు జారలేదు. మేస్త్రీ చాలాసేపు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ తెరిచి చూడని చోట ఇంత శుభ్రంగా చేశాడు! తను చేస్తాడా అలా? ఇన్నాళ్ళూ లేని మంట ఇప్పుడు ఎగదన్నింది. ఇది ఐసమ్మ గురించి కాదు, ఆ టంకం గురించి. ఇంత పని తెలిసినవాడు ఎదురుగా ఉన్నాడన్న దుగ్ధ.

మూత పెట్టి, సెల్ఫ్‌ను బండికెక్కించి, తీగలు కలిపి తాళం తిప్పాడు. గుర్ర్... ఆగింది. అదే నీరసం.

బెంచీ మీద పులిలా తిరిగింది బండిలోకి రాగానే ఎందుకు చతికిలపడింది? బెంచీ మీద రెండో తీగ తిన్నగా సెల్ఫ్ ఒంటికి ఆనించాడు. బండిలో ఆ దారి వేరు. సెల్ఫ్ తిప్పిన కరెంటు ఇంజను ఒంట్లోంచి, ఎర్త్ పట్టీ మీదుగా బండి చట్రం, అంటే ఛాసిస్‌లోకి దిగి, అక్కణ్ణుంచి బ్యాటరీకి చేరాలి. ఆ తిరుగుదారినే ఎర్త్ అంటారు. మేస్త్రీ మెల్లగా బండి ఎడమవైపుకు వెళ్ళాడు. నాలుగు నెలలుగా ఆ వైపు కిందకు తల పెట్టనే లేదు. అట్టముక్క వేసుకుని, దీపం పట్టుకుని దూరాడు. పట్టీ చివర బోల్టు మీద వేలు పెట్టగానే చురుక్కుమంది. కరెంటుకు దారి ఇరుకైనచోట వేడెక్కుతుంది. దీపం దగ్గరకు తెచ్చాడు.

బోల్టు చుట్టూ పసుపు గీత.

గుండ్రంగా, తొణక్కుండా గీసిన గీత. దాని మీద పడ్డ దుమ్ము చూస్తే నిన్నటిదీ మొన్నటిదీ కాదు. మేస్త్రీ అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. మొహానికి మసి అంటింది.

బోల్టు విప్పి పట్టీ పక్కకు తప్పించాడు. కింద బూడిదరంగు పెయింటు నిగనిగలాడుతోంది. ఐసు నీళ్ళకు ఛాసిస్ తుప్పు పడుతోందని వానలకు ముందు రెండు రోజులు షెడ్డు మూసి, తుప్పంతా గీకి, రెండు పూతలు వేశాడు. బోల్టు రంధ్రాల చుట్టూ కూడా ఒక్క చుక్క జాగా వదల్లేదు. ఐసమ్మను పిలిచి, వంగి చూడమని, 'పదేళ్ళు నిశ్చింత' అన్నాడు. ఆ పెయింటు మీదే ఎర్త్ పట్టీ పెట్టి బిగించాడు. పెయింటులోంచి కరెంటు పోదు. వైరింగు పని నేర్చుకునేవాడికి మొదటి రోజు చెప్పే సంగతి అది. బోల్టు మర కొరికిన కాస్త ఇనుమూ ఇన్నాళ్ళు పని నడిపింది. వానలకు అదీ తుప్పు పట్టిపోయింది.

పడుకున్నవాడు పడుకున్నట్టే బ్లేడుతో పెయింటు గీకాడు. తెల్లటి ఇనుము కనపడేదాకా ఎమిరి కాగితంతో రుద్దాడు. పట్టీ చివర రుద్దాడు, బోల్టు మరలు రుద్దాడు, గ్రీజు రాసి బిగించాడు. పసుపు గీత మీద చెయ్యి పడకుండా బిగించాడు, ఎందుకో ఆయనకే తెలీదు. పైకి లేచి తాళం తిప్పాడు.

తిప్పీ తిప్పకముందే ఇంజను అంటుకుంది.

ఆ చప్పుడు ఐసమ్మ వీధి మొదట్లోనే వింది. ఖాళీ క్యారియరు తీసుకెళ్ళడానికి వస్తోంది. పరుగులాంటి నడకతో వచ్చి సీటెక్కి ఇంజను ఆపింది, మళ్ళీ తిప్పింది. ఆపింది, తిప్పింది. "నీ చేతిలో ఏముందో గానీ!" అని చిన్నపిల్లలా నవ్వింది. "ఏం చేశావు?"

ఆ మాట కోసమే కదా ఇన్నాళ్ళుగా కుళ్ళి చచ్చాడు? నోరు తెరిచాడు. అదే సమయానికి వ్యాన్లాయన వచ్చి నిలబడ్డాడు.

"ఏదీ మేస్త్రీ, ఆ కార్బన్లు?"

ఐసమ్మ నవ్వు ఆగింది. వ్యాన్లాయన వైపూ, మొగుడి వైపూ చూసింది.

"బిగించేశానండీ," అన్నాడు మేస్త్రీ. 

"పోనీలే, బండి బాగైంది కదా, నీ మాట నాకు చాలు. ఇంకెవరైనా మంచి కరెంటు పనివాణ్ణి చెప్పు."

"రేపు చెప్తాను."

వ్యాన్లాయన వెళ్ళిపోయాడు. ఐసమ్మ బండి దిగి, క్యారియరు మూత తీసి చూసింది. అన్నం అన్నంలాగే ఉంది. మూత పెట్టేసి, "ఇంటికొచ్చి తిను," అని మాత్రం అంది.

నాలుగింటికి మేస్త్రీ వీధి దాటాడు. ఎదురుగదిలో ఆయన అడుగు పెట్టడం ఎంతకాలానికో. వ్యాన్ల కోసం ఊడ్చిన జాగా ఊడ్చినట్టే ఖాళీగా ఉంది. కరెంటాయన ఒక స్కూటరు హారను ముందేసుకుని కూర్చున్నాడు. తల ఎత్తి, పక్కనున్న స్టూలు గుడ్డతో తుడిచాడు.

మేస్త్రీ కూర్చోలేదు. "ఆ గీత గీసింది నువ్వేనా?"

"ఇప్పుడా చూడ్డం!"

"తెలిసినవాడివి విప్పి గీకి పారెయ్యొచ్చుగా? అయిదు నిమిషాల పని. ఇన్నాళ్ళు ఎందుకూరుకున్నావ్? నా తప్పు వీధిలో ఊరేగాలనా?"

"విప్పడానికి పానా కూడా పట్టుకున్నాను బావా," అన్నాడు కరెంటాయన. హారను పక్కన పెట్టాడు. "సెల్ఫ్ చేసిన రోజే మీటరు పెట్టి చూశాను, సగం కరెంటు ఎర్త్ దగ్గరే పోతోంది. చెల్లెమ్మే నా చెయ్యి పట్టుకుంది. 'అది ఆయన బిగించిన బోల్టన్నయ్యా. రెండు రోజులు ఈ బండి కిందే పడుకుని రంగేశాడు నాకోసం. నువ్వు విప్పి తప్పు పట్టావని తెలిస్తే తలెత్తుకు తిరగలేడు. ఆయనే చూసుకోవాలి' అంది. గీతన్నా గియ్యనీ అంటే సరే అంది. అప్పటికీ రెండుసార్లు అడిగాను, 'మార్కెట్టు పోతుంది చెల్లెమ్మా, ఇవాళైనా విప్పనా' అని. పోతే ఇంకోటి చూసుకుంటానంది."

మేస్త్రీ స్టూలు మీద కూలబడ్డాడు.

రెండు వారాలు. పొద్దున్నే వాలు వెతుక్కున్న రెండు వారాలు, తోయించుకున్న పొద్దులు, పాలిపోయిన అరచేతులు. ఎర్త్ చూడు, ఎర్త్ చూడు అని మూడు రకాలుగా చెప్పి, ఆయన నవ్వితే నోరు మూసుకున్న పొద్దులు. అరుగు మీద నిలబడి ఆమె విప్పొద్దని అవతలివాణ్ణి ఆపుతుంటే, తను లారీ కింద పడుకుని చెప్పులు లెక్కపెట్టాడు.

'వ్యాన్లు రాకపోవడానికి కారణం నేనే' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. రెండుసార్లు వచ్చింది. కరెంటాయన మేస్త్రీ మొహంలోకి చూడకుండా మళ్ళీ హారను చేతిలోకి తీసుకున్నాడు. తెలిసినవాడు చూపు తిప్పుకునే తీరు అది. మేస్త్రీ లేచి వచ్చేశాడు.

శుక్రవారం పొద్దున ఐసమ్మ తాళం తిప్పగానే బండి అంటుకుంది. ఆమె అలా వీధి మలుపు తిరిగిందో లేదో మేస్త్రీ చొక్కా తొడుక్కుని వ్యాన్లాయన ఇంటికి నడిచాడు. అతను వ్యాన్ల అద్దాలు కడుగుతున్నాడు.

"కరెంటు పనివాణ్ణి చెప్తానన్నాను కదండీ. మా ఎదురుగదాయనకే ఇవ్వండి. ఈ వీధిలో అంతకంటే పని తెలిసినవాడు లేడు."

"మొన్న నువ్వే కదయ్యా..."

"మొన్న నేను చెప్పింది తప్పు. సెల్ఫ్ విప్పి చూశాను, వంక పెట్టడానికి లేదు. ఎర్త్ కింద పెయింటేసి బిగించింది నేను. బండి ఆగింది నా పని వల్ల."

చెప్పడానికి ఇంత తక్కువ మాటలు పడతాయని ఆయన అనుకోలేదు. వ్యాన్లాయన బకెట్టు కింద పెట్టి ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"తెలీక చేశావా, తెలిసి చెప్పావా?"

"చెయ్యడం తెలీకే చేశాను. చెప్పడం..." మేస్త్రీ ఆగాడు. "చెప్పడం ఓర్వలేక చెప్పాను."

"సరే. వైరింగు ఆయనకిస్తాను." వ్యాన్లాయన మళ్ళీ బకెట్టు అందుకున్నాడు. "ఇంజన్ల సంగతి మాత్రం ఆలోచించుకుని చెప్తా మేస్త్రీ."

పదింటికి మొదటి వ్యాను వచ్చి ఎదురుగది ముందు ఊడ్చిన జాగాలో ఆగింది. మేస్త్రీ లారీ కింద పడుకుని దాని చక్రాలు చూశాడు. అసూయ పోయిందా అంటే పోలేదు, ఎక్కడికి పోతుంది? కడుపులో ఒక మూల కుంపటి అలాగే ఉంది, సెగ మాత్రం కాస్త తగ్గింది.

ఐసమ్మ బండి షెడ్డు ముందు ఆగింది. ఇంజను ఆగింది. తీగతో కుట్టిన చెప్పులు లారీ దగ్గరకు వచ్చి నిలబడ్డాయి, తర్వాత మోకాళ్ళు వంగాయి, తర్వాత ఆమె మొహం చక్రం పక్కన కిందకు వచ్చింది.

"ఏడుకు పావుగంట ముందే వెళ్ళాను. నాలుగు చోట్లా ఇంజను ఆపాను, తెలుసా?" అంది. ఎదురుగది వైపు తల తిప్పి వ్యానును చూసింది, మళ్ళీ ఆయన్ని చూసింది. "ఆ గీత చెరిపేశావా?"

"లేదు."

"ఎందుకూ?"

"ఉండనీ."

ఆమె మొహం మీద పడ్డ వెంట్రుకలు వెనక్కి తోసుకుంది. "వైపరు కొట్టుకోవడం లేదు, చూస్తావా? వాన పడితే కష్టం."

మేస్త్రీ పానా గుండెల మీద పెట్టుకుని, పైనున్న గేర్‌బాక్సునే చూస్తూ అన్నాడు.

"అది కరెంటు పని. మా బావనడుగు."